మనిషి రాకుండా వచ్చే కాగితం: కొత్త నోటరీ అడిగిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఎనిమిదేళ్లు వకీలుగా ప్రాక్టీసు చేశాక ఈ మధ్యనే మీకు నోటరీ నియామకం వచ్చింది. మీ ఆఫీసు కింద కూర్చునే స్టాంపు వెండరు రోజూ సాయంత్రం పాతిక ముప్ఫై అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు కట్టగా పంపిస్తానని, సంతకాలు ముందే అయిపోయి ఉంటాయి కనుక మీరు సీలు వేసి సంతకం పెడితే చాలునని, నెలాఖరున లెక్క చూసి డబ్బు ఇస్తానని అంటున్నాడు. పక్క గదిలోని సీనియరు గారు కూడా ఇక్కడ అందరూ చేసేది అదేనన్నారు. పోయిన వారం మొహమాటానికి పదకొండు కాగితాల మీద సీలు వేశారు, అప్పటి నుంచి మీకు మనసు మనసులో లేదు. గీత ఎక్కడ గీసుకోవాలన్నది ఒక ప్రశ్న, ఆ పదకొండు కాగితాలను ఇప్పుడేం చేయాలన్నది రెండోది.

ఈ నగరంలో ఇరవై మూడేళ్లుగా నోటరీగా పనిచేస్తున్నాను. మొదటి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: మనిషి మీ ఎదుటికి రాని కాగితం మీద సీలు పడకూడదు, దానికి మినహాయింపు లేదు. ఎందుకు లేదో చెప్పడానికి మాత్రం కొంచెం స్థలం కావాలి.

1952 నాటి నోటరీల చట్టం ఎనిమిదో సెక్షనులో మన పనుల జాబితా ఉంది. దస్తావేజు మీద సంతకాన్ని ధ్రువీకరించడం, ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం, ప్రామిసరీ నోటునూ హుండీనీ (వ్యాపారులు వాడే చెల్లింపు పత్రం) చెల్లింపు కోసం చూపించడం, చెల్లించకపోతే ఆ సంగతి నమోదు చేయడం, అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించడం, ఇంకా కొన్ని. హుండీలు, ఓడల వ్యవహారాలు హైదరాబాదులో మన బల్ల మీదికి దాదాపుగా రావు. రోజంతా మనం చేసేది ప్రధానంగా రెండే పనులు: ప్రమాణం చేయించడం, సంతకాన్ని ధ్రువీకరించడం. ఈ రెండింటికీ మనిషే ముడిసరుకు. కాగితం చేత ఎవరూ ప్రమాణం చేయించలేరు.

ఒక అఫిడవిట్‌ను చేతిలోకి తీసుకుని మళ్లీ చదవండి. పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా, "నేను ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా" అంటూ మొదలయ్యే పేరాలు, ఇవన్నీ వచ్చినవారి మాటలు. వాటిలో అబద్ధం ఉంటే తప్పుడు సాక్ష్యం చెప్పిన నేరం వారి మీదికి పోతుంది. కాగితం మొత్తంలో మీరు మీ సొంతంగా చెప్పే మాట అడుగున ఉన్న "నా ఎదుట" ఒక్కటే. దానికిందే మీ సంతకం, దాని పక్కనే అయిదు సెంటీమీటర్ల గుండ్రటి సీలు. ఆ ఒక్క మాట అబద్ధమైన రోజున అబద్ధమాడినవారు మీరే అవుతారు, వచ్చినవారు కాదు. వెండరు కట్టలో పాతిక కాగితాలు ఉంటే ఒక్క సాయంత్రంలో పాతిక సార్లు ఆ మాట అబద్ధంగా రాసినట్టే.

నేను ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నోటరీ అయిన మూడో ఏట నా దగ్గరికి బాగా పరిచయమున్న ఒకాయన వచ్చారు. తండ్రి చనిపోయారు, ఇంటి పన్ను రికార్డులో పేరు తన మీదికి మార్చుకోవడానికి అక్కగారి నిరభ్యంతర అఫిడవిట్ కావాలి. అప్పుడు నా ఆఫీసు మొదటి అంతస్తులో ఉండేది, మెట్లు నిటారుగా ఉండేవి. అక్కగారికి మోకాళ్ల నొప్పులని, ఎక్కలేక కింద కారులో కూర్చున్నారని ఆయన చెప్పారు. కిటికీలోంచి చూస్తే కారు కనిపించింది, వెనక సీటులో ఒక స్త్రీ కూర్చుని ఉన్నట్టూ కనిపించింది. నా గుమాస్తాను రిజిస్టరిచ్చి కిందికి పంపించాను. అయిదు నిమిషాల్లో సంతకంతో తిరిగి వచ్చాడు. సీలు వేశాను.

రెండేళ్ల తరువాత ఒక మధ్యాహ్నం ఒకామె అవే మెట్లు ఎక్కి వచ్చారు. మోకాళ్ల నొప్పులేమీ లేవు. నా బల్ల మీద ఆ అఫిడవిట్ జిరాక్స్ పెట్టి, "అయ్యా, నన్ను మీరు ఇంతకు ముందు ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. చూడలేదు. రిజిస్టరు తీయమన్నారు, తీశాను. వరుసలో వివరాలన్నీ గుమాస్తా దస్తూరీలో ఉన్నాయి, చివరి గడిలో ఎవరిదో సంతకం. ఆమె తన పాత బ్యాంకు పాసుపుస్తకం తెరిచి పక్కన పెట్టారు. రెండు సంతకాల్లో ఒక్క అక్షరమైనా కలవలేదు. ఆమె నా మీద కేకలు వేయలేదు. తండ్రి ఇంట్లో తన వాటా కోసం ఇప్పుడు దావా వేయాల్సి వచ్చిందని, అందులో నా కాగితమే తనకు ఎదురు సాక్ష్యంగా నిలబడిందని మాత్రం చెప్పారు. కోర్టులో సాక్షి బోనెక్కి, ఆమె నా ఎదుట హాజరు కాలేదని, నేను చూడకుండానే సీలు వేశానని ప్రమాణం మీద చెప్పాను. నిజం చెప్పినందువల్ల నా తప్పు తగ్గలేదు. ఆమె కోర్టుల చుట్టూ తిరిగిన సంవత్సరాలను ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. పద్నాలుగు మెట్లు దిగడానికి బద్ధకించడమే నేను చేసింది.

అందుకే ఇప్పుడు నేను బల్ల దగ్గర ఎలా పని చేస్తానో కొంచెం వివరంగా చెబుతాను. మొదట గుర్తింపు కార్డు అసలుదే అడుగుతాను; రంగు జిరాక్స్‌నూ ఫోనులో ఫొటోనూ ఒప్పుకోను. కార్డులోని ముఖాన్నీ ఎదుటి ముఖాన్నీ చూస్తాను. ముసుగు వేసుకున్న స్త్రీ అయితే పక్క గదిలో మరో స్త్రీ సమక్షంలో ముఖం చూపించమని మర్యాదగా అడుగుతాను. ఇన్నేళ్లలో దీనికి నొచ్చుకున్నవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే, ఎందుకంటే ఆ జాగ్రత్త తమ కోసమేనని వారికి తెలుసు. ఆ తరువాత కాగితాన్ని నా వైపు తిప్పుకుని, ఇందులో ఏముందో మీ మాటల్లో చెప్పండి అంటాను. నా అనుభవంలో ఈ ఒక్క ప్రశ్న చేసినంత పని మరేదీ చేయదు. మన నగరంలో సంతకం పెట్టేవారు తెలుగో ఉర్దూనో మాట్లాడతారు, కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది, రాసినవాడు మూడోవాడు. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన అన్న కొడుకుతో వచ్చి, ఏం కాగితమని అడిగితే "పింఛనుది, బాబూ" అన్నారు. అది ఉమ్మడి ఇంట్లో తన వాటా వదులుకుంటున్నట్టు రాసిన కాగితం. ఆ కుర్రవాణ్ని బయట కూర్చోమని, పెద్దాయనకు ఒక్కో వాక్యం చదివి వినిపించాను. ఆయన మాట్లాడకుండా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

కాగితం వచ్చినవారికి రాని భాషలో ఉంటే, ఏ భాషలో చదివి వినిపించామో, వారు అర్థమైందన్నారో లేదో అడుగున రాయాలి. ఖాళీ గళ్లుంటే వారిచేతే అడ్డగీత కొట్టించాలి. "తేదీ తరువాత నింపుకుంటాం", "సర్వే నంబరు తరువాత రాస్తాం" అన్న కాగితాన్ని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. చదువు రానివారు వేలిముద్ర వేస్తుంటే, ఆ ముద్ర ఫలానావారిదేనని రాసే సాక్షి లబ్ధి పొందేవాడు కాకుండా చూసుకోవాలి; కొడుకు పేర రాసే కాగితానికి కొడుకే సాక్షి అయితే ఆ సాక్ష్యానికి విలువేముంది?

ఇక రిజిస్టరు. 1956 నాటి నోటరీల నియమాల ప్రకారం దాన్ని నిర్ణీత నమూనాలో నిర్వహించాలి, తీసుకున్న ఫీజుకు రసీదు ఇవ్వాలి, ఫీజుల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇవన్నీ చాలామంది మొక్కుబడిగా చేస్తారు. రిజిస్టరు మాత్రం మొక్కుబడి వ్యవహారం కాదు. రేపు మీరు లేకపోయినా ఆ రోజు ఎవరొచ్చారో చెప్పగలిగేది అదొక్కటే. అందుకే వరుసలు మీ చేతితోనే నింపండి, వచ్చినవారి సంతకం మీ కళ్లముందే ఆ గడిలో పడాలి. కొందరు పేజీకి ఒకటో రెండో వరుసలు ఖాళీగా వదిలి ముందుకు పోతుంటారు. ఎందుకు వదులుతున్నారో అందరికీ తెలుసు: ఎప్పుడైనా పాత తేదీ కావలసినవాడు వస్తే ఇరికించడానికి. మీ రిజిస్టరులో అలాంటి ఖాళీ ఒక్కటి కూడా ఉండకూడదు.

పాత తేదీ కాగితం గురించి మీరు అడగలేదు కాని, కట్ట మొదలైతే ఆరు నెలల్లో మీ దగ్గరికి వచ్చేది అదే. కోర్టు జప్తు ఉత్తర్వుకు ముందే అమ్మినట్టు, తగాదా మొదలవక ముందే తండ్రి రాసిచ్చినట్టు, అప్పు ఫలానా రోజునే తీసుకున్నట్టు చూపించాలని వస్తారు. పాత స్టాంపు కాగితం కూడా వాళ్లే తెస్తారు. ఇది పొరపాటు కాదు, దొంగ దస్తావేజు తయారీలో చేయి కలపడం. చేసినవాళ్లు అనుకున్నంత సులువుగా ఇది దాగదు కూడా. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. తెలంగాణ అని అచ్చయిన స్టాంపు కాగితం మీద 2012 నాటి ఒప్పందం రాస్తే పదో తరగతి చదివిన పిల్లవాడు కూడా పట్టుకుంటాడు. స్టాంపు వెనక వెండరు రాసిన వరుస సంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, ఆ వెండరు అమ్మకాల రిజిస్టరు, మీ సీలులోని వివరాలు, అయిదేళ్లకోసారి పునరుద్ధరించే మీ ప్రాక్టీసు సర్టిఫికెట్ కాలం, ఇన్నింటిలో ఏ ఒక్కటి పొసగకపోయినా మొత్తం బయటపడుతుంది. పట్టుబడతామనే భయంతోనే మానుకోవాలని నా ఉద్దేశం కాదు. అయితే ఆ కాగితం వల్ల అన్యాయమైపోయినవారికి నిజం తేల్చుకోవడానికి మిగిలే ఆధారాలు ఇవే కనుక, మీ వైపునుంచి వాటిలో ఏదీ చెడకుండా చూసుకోవడం మీ బాధ్యత.

మన నగరానికి ప్రత్యేకమైన సంగతి మరొకటుంది. బస్తీల్లో యాభై, అరవై గజాల ఇళ్లు తరతరాలుగా నోటరీ కాగితాల మీదే చేతులు మారాయి. "నోటరీ ప్లాటు" అన్న మాటే ఇక్కడ వాడుకలో స్థిరపడిపోయింది. వంద రూపాయలకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమూ చెబుతున్నాయి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు, వీలునామా కలిపి రాయించుకున్నంత మాత్రాన హక్కు బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం జీవో 84 ద్వారా పట్టణ ప్రాంతాల్లోని ఇలాంటి నోటరీ కాగితాలను క్రమబద్ధం చేయడానికి పూనుకుని, 125 గజాల వరకు స్టాంపు డ్యూటీ మినహాయింపు ప్రకటించింది. ఆ వ్యవహారం హైకోర్టుకు చేరింది. ప్రభుత్వమే జీవో తేవలసినంతగా ఈ సమస్య పెరిగిందంటే, వెనక ఎన్ని వేల సీళ్లు పడి ఉంటాయో ఆలోచించండి. కూలీనాలీ చేసి కూడబెట్టిన డబ్బు పోసి కొనేవాడికి ఆ గుండ్రటి ముద్ర సర్కారు ముద్రలాగే కనిపిస్తుంది. ఇల్లు తనదైపోయిందని నమ్మి వెళ్లిపోతాడు. ఆ నమ్మకాన్ని సరిచేయగలిగిన చివరి మనిషి మీరే. నేను అమ్మకపు కాగితాన్ని నోటరీ చేయను. కొనేవాడిని కూర్చోబెట్టి, దీంతో ఇల్లు మీ పేరు మీదికి రాదని, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలని అతని భాషలో చెబుతాను. చాలామంది విని కూడా మరో నోటరీ దగ్గరికి వెళతారు. అలాగని చెప్పడం మానను.

పెళ్లి, విడాకుల కాగితాలు కూడా ఇలాంటివే. నోటరీ వివాహాధికారి కాదని, పెళ్లి లేదా విడాకుల పత్రాలు తయారు చేయరాదని కేంద్ర న్యాయ శాఖ 2024 అక్టోబరులో స్పష్టం చేసింది. స్టాంపు కాగితం మీద "ఇష్టపూర్వకంగా విడిపోయాము" అని రాసుకుని, దాన్నే విడాకులని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్న ఆడపిల్లలు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చారు. వారి మొదటి పెళ్లి చట్టం దృష్టిలో ఇంకా నిలిచే ఉంది. అలాంటి కాగితం వస్తే ఫ్యామిలీ కోర్టు దారి చూపించి పంపేయండి.

మిగిలినవి క్లుప్తంగా. అమెరికా వెళ్లే పిల్లల కాగితాల నకళ్లు వస్తే అసలుతో ప్రతి పేజీ సరిచూడనిదే "ట్రూ కాపీ" ముద్ర వేయకండి. సర్టిఫికెట్‌లో రాసిన ప్రాంతం దాటి వెళ్లి సీలు వాడకండి. మీరు వకాల్తా వేసిన కేసులోని కక్షిదారుకూ మీ ఇంటివారికీ మరో నోటరీని చూసుకోమని చెప్పండి. సీలును బల్ల సొరుగులో కాదు, తాళం వేసిన చోట పెట్టండి. గుమాస్తా చేతికి ఎప్పుడూ ఇవ్వవద్దు.

సీనియరు గారు మీతో ఇంకో మాట కూడా అని ఉండవచ్చు: నోటరీల చట్టం పదమూడో సెక్షను ప్రకారం ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప నోటరీ విధుల్లో చేసిన నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోదని. ఆ సెక్షను ఉన్న మాట నిజమే, అది నిజాయితీగా పనిచేసే నోటరీని కక్ష సాధింపు కేసుల నుంచి కాపాడుతుంది. దుష్ప్రవర్తన మీద విచారణ జరిపి పదో సెక్షను కింద రిజిస్టరు నుంచి పేరు కొట్టివేసే అధికారం మాత్రం ప్రభుత్వానికి వేరుగా ఉంది, వకీలుగా మీ మీద బార్ కౌన్సిల్ తీసుకోగల క్రమశిక్షణ చర్య దానికి అదనం. చట్టంలో ఉన్న రక్షణను చూసుకుని అజాగ్రత్తకు ధైర్యం తెచ్చుకోవడం మన వృత్తికి తగదు.

డబ్బు సంగతి దాచను. కట్ట వద్దంటే మొదటి రెండు మూడేళ్లు మీకు రాబడి తగ్గుతుంది. వెండరు కక్ష కట్టి వచ్చినవారిని మరో చోటికి పంపుతాడు. నాకూ అదే జరిగింది. నెమ్మదిగా బ్యాంకుల వారు, ఆస్పత్రిలో ఉన్న పెద్దల పిల్లలు, ఇతర వకీళ్లు తమ ముఖ్యమైన కాగితాలతో రావడం మొదలుపెట్టారు, ఎందుకంటే రేపు కోర్టులో నిలబడే కాగితం వారికి కావాలి. కట్టలు తీసుకునేవారికి వచ్చినంత నాకు ఏ రోజూ రాలేదు. ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు.

ఇప్పుడు ఆ పదకొండు కాగితాలు. మొదట చేయకూడనిది చెబుతాను. ఆ మనుషులను ఇప్పుడు పిలిపించి పోయిన వారం తేదీతో రిజిస్టరులో సంతకాలు చేయించుకోవద్దు. చేస్తే పదకొండు అబద్ధాలకు మరో పదకొండు తోడవుతాయి. పాత వరుసలను కొట్టివేయవద్దు, పేజీ చింపవద్దు. ఈ రోజు తేదీతో, ఫలానా వరుస నుంచి ఫలానా వరుస వరకు ఉన్న సంతకందారులు నా ఎదుట హాజరు కాలేదు అని మీ చేతితో కొత్త వరుసలో రాసి సంతకం పెట్టండి. కాగితాల్లోని చిరునామాలకు పదకొండు ఉత్తరాలు స్పీడ్ పోస్టులో పంపండి: నేను వేసిన ధ్రువీకరణ సరైనది కాదు, దాన్ని ఎక్కడా వాడవద్దు, స్వయంగా వస్తే కొత్త కాగితం మీద ఆ రోజు తేదీతో ఫీజు లేకుండా చేసి ఇస్తాను అని. ఏదైనా ఇప్పటికే ఆఫీసులోనో కోర్టులోనో దాఖలైందని తెలిస్తే అక్కడికి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. నకళ్లు, పోస్టు రసీదులు ఒక ఫైలులో పెట్టుకోండి. దీనివల్ల మీ మీద ఫిర్యాదు రావచ్చు, ఆ సంగతి తెలిసే చేయండి. వస్తే ఆ ఫైలే మీ జవాబు.

వెండరుతో తగాదా అక్కరలేదు. కాగితాలు రాసి ఇవ్వడం ఆయన పని, ఆయన రాసినవారిని మెట్లెక్కి నా దగ్గరికి రమ్మని చెప్పండి, ఎక్కలేనివారుంటే నేనే రిజిస్టరు పట్టుకుని కిందికి దిగి వస్తాను అని మీ నోటితోనే చెప్పండి.